బస్తరు పట్టణాలు: రాతి గుడి, చెరువు గట్టు, కొయ్య రథం

ఓరుగల్లు పతనానంతరం కాకతీయుల కథ ఏమైనదన్న ప్రశ్నకు తెలుగునాట సాధారణంగా వినిపించే సమాధానం ఒక్కటే. ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి బస్తరు సీమకు పోయి అక్కడ కొత్త రాజ్యాన్ని స్థాపించాడు. ఈ ఒక్క వాక్యంతోనే మన ఆసక్తి తృప్తి చెందుతూ వచ్చింది. ఆ రాజ్యం ఎటువంటి పట్టణాలను నిర్మించింది, వాటి వీధులలో నేటికీ కంటికి కనిపించేదేమిటి, ఆ నిర్మాణాలలో తెలుగువారి పాలు ఎంత, అడవిబిడ్డల పాలు ఎంత అన్న విషయాలను గురించి మనం ఆలోచించినది తక్కువ. నేడు ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని అనేక జిల్లాలుగా విభక్తమై ఉన్న పూర్వపు బస్తరు సంస్థానంలో బారసూరు, దంతెవాడ, జగదల్‌పూర్ అనే మూడు స్థలాలను వరుసగా పరిశీలిస్తే ఈ ప్రశ్నలకు కొంత సమాధానం లభిస్తుంది. ఆ సమాధానం మన వంశాభిమానానికి పూర్తిగా అనుకూలమైనది కాకపోయినా, దానికన్న విలువైనది.

చక్రకోటలో తెలుగు శాసనం

బస్తరుతో తెలుగువారి సంబంధం కాకతీయులతో మొదలు కాలేదు. పదకొండవ శతాబ్దంలో ఇంద్రావతీ నది పరీవాహక ప్రాంతానికి చక్రకోట మండలమని పేరు. ఛిందక నాగవంశీయులు దానికి ప్రభువులు. రాజేంద్ర చోళుని ప్రశస్తిలో శక్కరక్కోట్టం అన్న పేరుతో కనిపించేది ఈ సీమయే. వేంగీ రాజరాజనరేంద్రుని కుమారుడై అనంతరం చోళ సింహాసనమెక్కిన కులోత్తుంగుని తొలి శాసనాలు సైతం చక్రకోటలో అతడు సాధించిన విజయాన్ని పేర్కొంటున్నాయి. అటు వేంగి, ఇటు చక్రకోట ఒకదానికొకటి అపరిచితమైన రాజ్యాలు కావని ఇందువల్ల స్పష్టమవుతున్నది.

ఇంద్రావతికి సమీపాన ఉన్న బారసూరు ఆనాటి ముఖ్య పట్టణాలలో ఒకటి. అక్కడ లభించిన 1060వ సంవత్సరపు శాసనం తెలుగు భాషలో ఉన్నది. నాగవంశపు రాజు జగదేకభూషణ ధారావర్షునికి సామంతుడైన చంద్రాదిత్యుడనే మహామండలేశ్వరుడు దానిని వేయించాడు. ఇతడు కరికాల చోళుని సంతతినని చెప్పుకున్న తెలుగు చోడుడు. బారసూరులో చంద్రాదిత్యేశ్వరమనే శివాలయాన్ని కట్టించి, చంద్రాదిత్య సముద్రమనే చెరువును త్రవ్వించినట్లు ఆ శాసనం తెలుపుతున్నది. రాజమహేంద్రవరంలో నన్నయభట్టు భారతాంధ్రీకరణకు పూనుకొన్న కాలం కూడా దాదాపు ఇదే. తెలుగు కావ్యభాషగా రూపు దిద్దుకొంటున్న రోజులలోనే ఇంద్రావతీ తీరంలో అది శాసనభాషగా నిలిచి ఉండడం గమనింపదగిన విషయం.

సప్తసంతానాలలో తటాకాన్నీ దేవాలయాన్నీ జంటగా నెలకొల్పడం మన ప్రాంతపు సామంతులకు అలవాటైన పుణ్యకార్యం. గుడి పక్కన నీరు, నీటి కింద పొలం, పొలం ఆదాయంతో గుడిలో దీపం అన్నది వారి ఏర్పాటు. పిదప కాకతీయ సామంతులు పాలంపేట మొదలైన చోట్ల దీనినే విస్తృతంగా అనుసరించారు. బారసూరులో నూట నలభై ఏడు గుడులు, అన్నే చెరువులు ఉండేవని స్థానికులు చెప్పుకుంటారు. ఆ సంఖ్యను ప్రమాణంగా తీసుకోనక్కరలేదు. గుడికి ఒక చెరువు చొప్పున లెక్కించే ఆలోచనయే మనకు ముఖ్యం.

నేడు బారసూరుకు పోయినవారికి పొలాల నడుమ, ఇళ్ళ మధ్య, చెట్ల చాటున ఈ కట్టడాలు ఎదురవుతాయి. ఎత్తయిన శిఖరం గలది మామా భాంజా గుడి. మేనమామ, మేనల్లుడు అని ఆ పేరుకు అర్థం. బత్తీసా గుడికి ఆ పేరు దాని మండపానికి గల ముప్పైరెండు స్తంభాల వలన వచ్చింది. ఒకే మండపానికి రెండు గర్భగృహాలు, రెండు శివలింగాలు ఉండడం దాని విశేషం. నాగవంశపు రాణి గంగమహాదేవి తన పేరిట ఒకటి, భర్త సోమేశ్వరుని పేరిట ఒకటి ప్రతిష్ఠించిందని శాసనం వలన తెలుస్తున్నది. సమీపంలోనే ఇసుకరాతిలో మలచిన రెండు మహాగణపతి విగ్రహాలున్నాయి. వాటిలో పెద్దది ఏడడుగులకు పైబడినది. చిత్రకూట జలపాతానికి చేరువలో ఉన్న నారాయణపాల విష్ణ్వాలయం కూడా ఈ వంశపు స్త్రీల ధర్మకార్యమే. సోమేశ్వరుని తల్లి గుండమహాదేవి మనుమని పాలనాకాలంలో, 1111లో, దానికి సంబంధించిన శాసనం వేయించింది. కొడుకు మరణం తరువాత రాజమాత వేయించిన శాసనమది.

ఓరుగల్లు నుంచి దంతెవాడకు

1323లో ఉలుఘ్ ఖాన్ సేనలకు ఓరుగల్లు లొంగిపోయింది. ప్రతాపరుద్రుడు బందీ అయినాడు. ఆ తరువాత అన్నమదేవుడు ఇంద్రావతీ ప్రాంతానికి వచ్చి నాగవంశపు చిల్లర ప్రభువులను జయించాడని బస్తరు రాజవంశ చరిత్ర. ఈ వృత్తాంతాన్ని వివరంగా చెప్పే శిలాలేఖం దంతెవాడలో ఉన్నది. దిక్పాలదేవుని కాలంలో 1703లో దానిని చెక్కించారు. ఓరుగల్లు పతనానికీ ఈ లేఖనానికీ నడుమ దాదాపు నాలుగు శతాబ్దాల వ్యవధి ఉన్నది. అన్నమదేవుడు ప్రతాపరుద్రునికి సోదరుడేనా, మరొక బంధువా, లేక ఆ పేరును ఆశ్రయించిన సేనానాయకుడా అన్న విషయంలో చరిత్రకారులు ఏకాభిప్రాయానికి రాకపోవడానికి ఈ వ్యవధియే కారణం. వంశాలు తమ మూలాన్ని ప్రసిద్ధ రాజధానులతో ముడివేసుకోవడం మధ్యయుగాలలో సర్వసాధారణం. అయినప్పటికీ ఓరుగల్లుతో ఏ సంబంధమూ లేని కుటుంబం శతాబ్దాల పాటు ఆ స్మృతినే పట్టుకొని ఉండడానికి తగిన కారణం కూడా కనిపించదు.

ఈ శిలాలేఖంలో వంశావళి కన్న ఆలోచింపజేసే అంశం మరొకటి ఉన్నది. అది రెండు రాళ్ళ మీద రెండు భాషలలో ఉన్నది. ఒకటి సంస్కృతం, రెండవది ఆ ప్రాంతపు జనభాష. కలియుగంలో సంస్కృతం చదువగలవారు తక్కువైనందున రెండవ రాతిపై భాషలో వ్రాయడమైనదని లేఖకుడే వివరించాడు. ఛత్తీస్‌గఢీ భాషకు లభిస్తున్న తొలి ఉదాహరణలలో దీనిని ఒకటిగా పరిగణిస్తారు. తెలుగు అందులో లేదు. కాకతీయులతో సంబంధం లేని తెలుగు చోడుడు 1060లో ఈ సీమలో తెలుగున శాసనం వేయించాడు. కాకతీయ సంతతినని సగర్వంగా ప్రకటించుకొన్న రాజు 1703లో తన ప్రజలకు అర్థమయ్యే భాషను ఎన్నుకొన్నాడు. ఈ రెండు రాళ్ళ మధ్యనే బస్తరు చరిత్ర సారమంతా ఉన్నదనవచ్చు. వచ్చినవారు ఈ నేలను తమదిగా చేసుకొనే క్రమంలో ఈ నేల వారిని తనవారిగా చేసుకొన్నది.

దంతేశ్వరీ ఆలయాన్ని చూచినా ఇదే తోస్తుంది. శంఖినీ డంకినీ నదుల సంగమస్థానంలో ఉన్న ఈ గుడిలో గర్భగృహం, లోపలి మండపం రాతికట్టడాలు. వెలుపలి మండపాలకు కొయ్య స్తంభాలు, పైన పెంకుల కప్పు. రాతి శిల్పం ఎక్కడ ఆగిపోయిందో అక్కడ అడవి వడ్రంగి పనితనం మొదలైనది. పురుషులు పంచె కట్టుకొని లోనికి పోవాలన్న నియమం నేటికీ ఉన్నది. ఆలయం ఎదుటి గరుడస్తంభాన్ని వెనుకకు చేతులు చాచి కౌగిలించగలిగినవారి కోరిక తీరుతుందని భక్తుల నమ్మకం. దేవి అందెల చప్పుడు వినిపించినంత దూరం రాజు వెనుదిరిగి చూడకుండా నడవాలనీ, నది ఇసుకలో అందెలు కూరుకొని చప్పుడు ఆగినప్పుడు అతడు తిరిగి చూడగా దేవి అక్కడే నిలిచిపోయిందనీ కథ. ఇటువంటి గాథలు తెలుగునాట పలు క్షేత్రాలకు ఉన్నవి. కాని ఈ దేవిని ఓరుగల్లు ఇలవేలుపుగా మాత్రమే భావించడం పొరపాటు. చుట్టుపక్కల పల్లెల దేవతలందరికీ ఆమె పెద్దదిక్కు. ఆదివాసులకు ఆమె రాజవంశపు దేవత కాకముందు తమ దేవత.

దళపతిసాగరం, నాలుగు రోడ్ల నగరం

రాజధాని దంతెవాడ నుండి పలుచోట్లకు మారుతూ, బస్తరు గ్రామం మీదుగా చివరకు పద్దెనిమిదవ శతాబ్ది ఉత్తరార్ధంలో జగదల్‌పూరు చేరినది. మరాఠా దండయాత్రల ఒత్తిడి ఇందుకు ఒక కారణం. రాజధానిని మార్చిన రాజు దళపతిదేవుడు. అక్కడ అంతకుముందు జగతూ అనే స్థానికుని పేర జగతూగుడా అనే పల్లె ఉండేదనీ, అతని పేరూ రాజు పేరూ కలిసి జగదల్‌పూర్ అయినదనీ చెప్పుకుంటారు. ఈ వ్యుత్పత్తి భాషాశాస్త్రానికి నిలిచినా నిలువకపోయినా, రాజు పేరు కన్న ముందు పల్లెపెద్ద పేరు నిలుపుకొన్న జనస్మృతి గౌరవింపదగినది.

కొత్త రాజధానిలో దళపతిదేవుడు చేసిన ప్రధాన నిర్మాణం చెరువు. దళపతిసాగరం దాదాపు 350 ఎకరాల విస్తీర్ణం గల మానవనిర్మిత జలాశయం. ఏడు శతాబ్దాల పూర్వం చంద్రాదిత్యుడు తన చెరువును సముద్రమన్నాడు. ఇతడు సాగరమన్నాడు. సముద్రానికి ఎంతో దూరాన, అడవుల నడుమ ఉన్న పట్టణాలకు ఈ చెరువులే సముద్రాలు. చెరువు మధ్య దీవిలో భూపాలేశ్వరుని ఆలయం ఉన్నది. ఉదయం వేళ గట్టున స్నానాలు చేసేవారు, వలలు సర్దుకొనే బెస్తలు, దీవి గుడికి పోయే పడవ కనిపిస్తాయి. తెలుగు పల్లెలో పెరిగినవారికి ఈ దృశ్యాన్ని ఎవరూ వివరించనక్కరలేదు.

పట్టణానికి నేటి రూపం 1891 నుండి 1921 వరకు పాలించిన రుద్రప్రతాపదేవుని కాలంలో ఏర్పడినది. వీధులు తిన్నగా సాగి అడుగడుగునా నాలుగు రోడ్ల కూడళ్ళుగా కలుస్తాయి. అందుచేతనే దీనికి చౌరాహాల నగరమని వాడుక. ఈ క్రమబద్ధమైన వీధులు వేసిన కాలంలోనే, 1910లో, అటవీ హక్కుల హరణకూ వెట్టికీ వ్యతిరేకంగా గుండాధూర్ నాయకత్వాన భూంకాల్ తిరుగుబాటు చెలరేగింది. మామిడి కొమ్మనూ మిరపకాయలనూ ఊరి నుండి ఊరికి పంపి సమరసందేశం అందించారు. తిరుగుబాటు అణచివేత తరువాత గోల్ బజారులోని చింతచెట్టుకు కొందరిని ఉరితీశారని పట్టణవాసులు నేటికీ చెప్పుకుంటారు. సంస్థానపు అందమైన కూడళ్ళను చూచేటప్పుడు ఈ చింతచెట్టును మరువరాదు.

రుద్రప్రతాపదేవునికి పుత్రసంతానం లేదు. ఆయన కుమార్తె ప్రఫుల్లకుమారీదేవి 1922లో రాణి అయి 1936లో లండనులో మరణించింది. ఆమె భర్త మయూర్‌భంజ్ రాజకుటుంబానికి చెందినవాడు. కనుక ఆమె కుమారుడు ప్రవీరచంద్ర పేరు చివర భంజదేవ్ అని చేరినది. పితృపరంపరలో చూస్తే అన్నమదేవుని వంశం రుద్రప్రతాపునితోనే ముగిసినది. అయినా ఆదివాసులు వంశవృక్షాన్ని లెక్కించలేదు. దంతేశ్వరికి ప్రధాన పూజారి కనుక రాజును తమవానిగా భావించారు. 1966 మార్చి 25న జగదల్‌పూర్ రాజభవన ఆవరణలో జరిగిన పోలీసు కాల్పులలో ప్రవీరచంద్ర భంజదేవ్, ఆయనతో పాటు పలువురు ఆదివాసులు మరణించారు. ఆ తెల్లని భవనం ముందు నిలిచినవారికి వాస్తువివరాల కన్న ముందు ఈ విషయం జ్ఞప్తికి వస్తుంది.

ప్రతి ఏటా కట్టే కట్టడం

జగదల్‌పూరులో అత్యంత ఘనమైన నిర్మాణం ఏదని అడిగితే, అది రాజభవనం కాదు, చెరువు కూడా కాదు. అది సంవత్సరంలో కొన్ని నెలలు మాత్రమే కనిపించే దసరా రథం. బస్తరు దసరా డెబ్బైఐదు రోజుల పండుగ. శ్రావణానికి ముందు వచ్చే హరేలీ అమావాస్య నాడు రథానికి తెచ్చిన తొలి మానుకు పూజ చేయడంతో ప్రారంభమవుతుంది. ఇందులో రామరావణ యుద్ధం లేదు, రావణదహనం లేదు. ఇది దేవీ ఉత్సవం, రథోత్సవం. పురుషోత్తమదేవుడనే రాజు పూరీ యాత్ర చేసి రథపతి బిరుదు పొంది వచ్చి దీనిని ప్రారంభించాడని ఐతిహ్యం.

రథనిర్మాణం బేడా ఉమర్‌గావ్, ఝార్ ఉమర్‌గావ్ అనే పల్లెల వడ్రంగులకూ కమ్మరులకూ వంశపారంపర్యంగా వచ్చిన బాధ్యత. వారు పట్టణానికి వచ్చి సిరహాసార్ సమీపంలో మకాం చేసి, గొడ్డలి, బాడిస, బరమ వంటి పనిముట్లతో సాలవృక్షపు దుంగలను చక్రాలుగా, ఇరుసులుగా, అంతస్తులుగా మలుస్తారు. కాగితంపై పటం ఉండదు. కొలతలు చేతికీ కంటికీ తెలిసినవే. పూలరథానికి నాలుగు చక్రాలు, విజయరథానికి ఎనిమిది. వందలమంది తాళ్ళు పట్టి లాగితే తప్ప కదలని ఈ కొయ్య మేడ ఆ ఇరుకు కూడళ్ళలో మలుపు తిరగడం చూచినవారికి, ఈ నాలుగు రోడ్ల నగరం నిజానికి ఎవరి కోసం వేసినదన్న అనుమానం కలుగక మానదు.

ఈ పండుగ ఏర్పాటులో ప్రతి తెగకూ ఒక నియత స్థానం ఉన్నది. మిర్గాన్ కుటుంబపు బాలిక ముళ్ళ ఊయల మీద కూర్చొని దేవి పక్షాన అనుమతి ఇస్తేనే ఉత్సవం సాగుతుంది. హల్బా యువకుడు ఒకడు గోతిలో ఆసీనుడై తొమ్మిది రోజులు యోగిగా ఉపవసిస్తాడు. దంతెవాడ నుండి మావ్లీదేవి పల్లకి వచ్చినప్పుడు రాజకుటుంబం ఎదురేగి స్వాగతమిస్తుంది. విజయదశమి రాత్రి ఆదివాసులు రథాన్ని అపహరించి కుమ్హడాకోట్ అడవికి తీసుకొని పోతారు. మరునాడు రాజు అక్కడికి పోయి, వారితో కలిసి కొత్త బియ్యపు అన్నం తిని, బ్రతిమాలి రథాన్ని వెనుకకు తెచ్చుకోవాలి. పాలితులు పాలకుని వాహనాన్ని ఎత్తుకొనిపోవడం, సహపంక్తి భోజనంతో మాత్రమే దానిని తిరిగి ఇవ్వడం అన్న ఈ ఆచారంలో రాజ్యాధికారానికి గల షరతు స్పష్టంగా ఉన్నది. 1876 నాటి తిరుగుబాటు అనంతరం మురియా దర్బారు ఈ ఉత్సవంలో భాగమైనది. గ్రామపెద్దలు తమ కష్టసుఖాలను విన్నవించుకొనే ఆ సభలో నేడు రాజు స్థానాన ప్రజాప్రతినిధులు, అధికారులు ఆసీనులవుతున్నారు. రాజు ఆరోహణ చేసిన రథంపై ఇప్పుడు దంతేశ్వరి ఛత్రం మాత్రమే ఊరేగుతుంది.

సంత, రైలు, సముద్రం

నిత్యజీవిత దృశ్యాలలో బస్తరుకు ప్రాణం సంత. ఇప్పపువ్వు, చింతపండు, అడ్డాకు దొప్పలు, ఎర్రచీమల పచ్చడి, జీలుగు కల్లు, మైనపు అచ్చుతో పోసిన ఇత్తడి బొమ్మలు అన్నీ అక్కడ కనిపిస్తాయి. హల్బీ భాష అందరినీ కలుపుతుంది. రథయాత్ర కాలంలో జరిగే గోంచా పండుగనాడు వెదురు తుపాకుల చప్పుళ్ళతో వీధులు మారుమ్రోగుతాయి. దంతెవాడ దారిలో గామావాడ వద్ద, జగదల్‌పూర్ చేరువలోని దిల్‌మిలీ వద్ద నిలువురాళ్ళు వరుసలుగా కనిపిస్తాయి. అవి మృతుల స్మారకాలు. ఆదివాసికి రాతి కట్టడం తెలియదన్న మాట నిజం కాదు. అతడు రాతిని మృతుల జ్ఞాపకం కోసం నిలిపాడు, దేవి ఊరేగింపునకు కొయ్యను వాడుకొన్నాడు.

ఒకప్పుడు తూర్పు తీరపు ఉప్పు బంజారాల ఎద్దుల మీద ఈ అడవులకు చేరేది. అమాయకులైన ఆదివాసులు దానికి మారుగా విలువైన అటవీ ఉత్పత్తులను ఇచ్చేవారు. నేడు అదే దిక్కుకు ఇనుప ఖనిజం పోతున్నది. జపాను దేశపు అవసరాలను ఉద్దేశించి 1960 దశకంలో కొత్తవలస నుండి కిరందుల్ వరకు కొండలను తొలిచి వేసిన రైలుమార్గం బైలదిలా గనులను విశాఖపట్టణపు ఓడరేవుతో కలిపినది. ఖనిజం తీసుకొనిపోయే ఎర్రని బండ్లు జగదల్‌పూర్ మీదుగా సాగడం పట్టణవాసులకు నిత్యదృశ్యం. ఆ బండ్లు పోయే దారినే తెలుగు కార్మికులు, ఉద్యోగులు, వర్తకులు వచ్చారు. పట్టణంలోని బాలాజీ మందిరం వారి ఉనికికి గుర్తు. చంద్రాదిత్యుని తరువాత తెలుగువారు ఇక్కడ కట్టుకొన్న గుడులలో ఇది ఇటీవలిది. రాజులుగా కాక కూలికీ ఉద్యోగానికీ వచ్చినవారు కట్టుకొన్నది కనుక దీనికి వేరొక గౌరవం ఉన్నది.

పరిరక్షణ అంటే ఏమిటి?

బారసూరు గుడులు, నారాయణపాల ఆలయం సంరక్షిత కట్టడాలు. రాయి పగిలితే అతుకవచ్చు, శిఖరం ఒరిగితే నిలుపవచ్చు. అందుకు చట్టమున్నది, శాఖ ఉన్నది, నిపుణులున్నారు. దళపతిసాగరం సంగతి అట్లా కాదు. గుర్రపుడెక్క అల్లుకొని, ఒడ్డున ఇళ్ళు పెరిగి, మురుగు చేరి ఆ చెరువు కుంచించుకొని పోతున్నది. శుభ్రపరచే ప్రయత్నాలు అప్పుడప్పుడు జరుగుతున్నా, చెరువును కట్టడంగా గుర్తించే దృష్టి మనకింకా అలవడలేదు. గుడిని కాపాడి దాని చెరువును వదలివేయడం చంద్రాదిత్యునికి అర్థమయ్యే పని కాదు.

రథం విషయం ఇంతకన్న సున్నితమైనది. దానిని ప్రదర్శనశాలలో నిలిపితే అది రథం కాదు. అది ఉండాలంటే ఏటా సాలవృక్షాలు కావాలి, వాటిని పెంచే అడవి కావాలి, బాడిస పట్టే చేతులు కావాలి, ఆ చేతులకు గౌరవప్రదమైన వేతనం కావాలి, ముళ్ళ ఊయల ఎక్కే బాలిక నుండి రథం అపహరించే పల్లెల వరకు ఎవరి స్థానంలో వారు ఇష్టపూర్వకంగా నిలవాలి. దశాబ్దాల పాటు సాయుధ సంఘర్షణ వలన బస్తరు పల్లెలెన్నో చెదరిపోయినవి. చెదరిన పల్లె తిరిగి కుదురుకొన్నప్పుడు దసరాలో దాని వంతు దానికి తిరిగి లభించడం కూడా పునరావాసంలో భాగమేనని పాలనా యంత్రాంగం గుర్తించాలి. సాంస్కృతిక శాఖ, అటవీ శాఖ, నగరపాలక సంస్థ విడివిడిగా తమ దస్త్రాలు నడుపుకొన్నంతకాలం ఈ కట్టడాన్ని కాపాడడం ఎవరికీ సాధ్యపడదు.

తెలుగు పాఠకులకు చెప్పవలసినది మరొకటి ఉన్నది. బస్తరును కాకతీయుల చివరి రాజ్యమని కీర్తించడంలో తప్పు లేదు. అయితే ఆ కీర్తిలో మన వంతు ఎంతో బారసూరు శాసనం, దంతెవాడ శిలాలేఖం చక్కగా కొలిచి చూపుతున్నాయి. మనవారు ఒక భాషను, చెరువు త్రవ్వే పద్ధతిని, ఒక వంశస్మృతిని ఇక్కడికి తెచ్చారు. భాష క్రమంగా జనభాషకు చోటు ఇచ్చింది. చెరువు ఊరివారిదైనది. వంశస్మృతిని సైతం అడవిబిడ్డలు తమ పండుగలో కలుపుకొని, రాజు తమ వద్దకు వచ్చి తమతో భోజనం చేయాలన్న నియమంతో నిలిపి ఉంచారు. ఓరుగల్లు కోటలో తోరణాలు మిగిలాయి. ఆ పేరు చెప్పుకొన్న వంశం ప్రారంభించిన ఉత్సవాన్ని మాత్రం నేటికీ బస్తరు పల్లెలే నడిపిస్తున్నాయి. మనం వారికి రుణపడి ఉన్నాము.